కూతురు లాంటిది

పాట గురించి రాస్తనంటే నేను డప్పు గురించే రాస్తనని అందరూ అనుకున్నరు. డప్పు మా ఇంటిదే. మా తాత కొట్టిండు, మా పెదనాయిన కొట్టిండు. దాని మీద రాసేటోళ్లు ఈ సంకలనంల ఉండనే ఉంటరు. కాని నేను పిచ్చి పట్టినట్టు విన్నది హిందీ సినిమా పాట. మాదిగోడు డప్పు గురించి మాట్లాడితేనే అందం, తలత్ మహమూద్ గురించి మాట్లాడితే వింత అనుకునేటోళ్లు మనలోనూ ఉన్నరు. వాళ్లకు కూడ చెప్తున్న. ఇది 1959ల వచ్చిన 'సుజాత' సినిమా పాటల మీద నా అభిప్రాయం.

మాది డోర్నకల్. ఆ పేరు చెప్పంగనే కొందరికి రైలు జంక్షన్ యాదికొస్తది, కొందరికి బిషప్ అజరయ్య యాదికొస్తడు. 1912ల ఆంగ్లికన్ సంఘానికి బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయన. 1939ల ప్రతిష్ఠ చేసిన కెథీడ్రల్ ఇప్పటికీ ఊరికి గుర్తు. మా వాడలకు అక్షరం, కీర్తన ఆ దిక్కు నుంచి వచ్చినయి. హిందీ జంక్షన్ దిక్కు నుంచి వచ్చింది. మా నాయిన రైల్వే గ్యాంగ్‌మన్. వేలిముద్ర మనిషి. ఆయన గ్యాంగుల ఉత్తరాది కూలీలు ఉండేటోళ్లు. వాళ్లతోటి పట్టాలు మోసుకుంట సగం హిందీ నేర్చుకున్నడు. సెలవు దినం పొద్దుగాల వివిధ్ భారతిల 'భూలే బిస్రే గీత్' పెట్టుకుని గడ్డం గీసుకునేటోడు. తలత్ పాట వస్తే కత్తి ఆపి, "వీడు ఏడుస్తలేడు బిడ్డా, ఏడుపు ఆపుకుంటుండు" అనేటోడు. తలత్ గొంతు మీద నేను చదివిన ఏ వ్యాసమూ ఇంతకంటె ఎక్కువ చెప్పలేదు.

పాటలు ముందు తెలుసు, కథ తర్వాత తెలిసింది. బి.ఎడ్. చదివేటప్పుడు హాస్టల్ల ఎవరో తెచ్చిన సీడీల సినిమా చూసిన. దర్శకుడు బిమల్ రాయ్, కథ సుబోధ్ ఘోష్‌ది. కలరాతోటి తల్లిదండ్రి చచ్చిపోయిన అంటరాని పసిపిల్ల ఒక బ్రాహ్మణ ఇంజనీరు ఇంట్ల పెరుగుతది. పేరు సుజాత, అంటే మంచి పుట్టుక కలది. పేరైతే పెట్టిన్రు గాని, వచ్చినోళ్లు ఎవరీ పిల్ల అని అడిగితే ఇంటామె "కూతురు లాంటిది" అంటది. ఆ 'లాంటిది' అన్న మాట విన్నంక నాకు ఆ పాటలన్నీ వేరే తీరుగ వినబడ్డయి.

సంగీతం ఎస్.డి. బర్మన్, మాటలు మజ్రూహ్ సుల్తాన్‌పురి. బర్మన్‌కు, లతకు మాటల్లేని కాలం అది. లత పాట ఒక్కటీ లేదు. గీతా దత్, ఆశా భోంస్లే పాడిన్రు. నా లెక్కల ఆ సినిమాకు అదే మేలు చేసింది. లత గొంతుల ఒక గుడి ఉంటది. గీత గొంతుల ఇల్లుంటది.

గీత పాడిన జోలపాట తీసుకోండి. అంత మెత్తటి జోల హిందీల తక్కువ. కాని తల్లి దాన్ని కన్నకూతురు రమ కోసం పాడుతది. ఇంట్ల పసిపిల్లలు ఇద్దరు, జోల ఒక్కరికి. మా అమ్మ మిర్చి తోటల కూలికి పోతే నన్ను ఊపింది మా అక్క. జోల అందని పిల్లలకు ఆ పాట తియ్యగ ఉంటూనే గుచ్చుకుంటది. అక్కచెల్లెళ్లు కలిసి చిన్ననాటి దినాలను తలుచుకునే పాటల ఇంకా చూడండి. రమ పియానో ముందర కూసుంటది. సుజాత మిద్దె మీద బట్టలు ఆరేసుకుంట గొంతు కలుపుతది. రాగం ఇద్దరిదీ, పని ఒక్కదానిది. దర్శకుడు ఒక్క డైలాగు లేకుండ కులం చూపించిండు.

సుజాతకు అచ్చంగ తనదైన పాట ఒక్కటే. మబ్బు పట్టినప్పుడు ఒంటరిగ పాడుకునే ఆశా పాట. అది నాకు అన్నిట్ల ఇష్టం. ఎవరి మెప్పు కోసమూ పాడదు, ఎవరికీ జవాబు చెప్పదు.

అందరూ మెచ్చేది ఫోన్ పాట. సునీల్ దత్ ఫోన్ల పాడుతడు, నూతన్ ఇవతల వింటది. నూతన్ మొహం మీద ఆ నాలుగు నిమిషాలల్ల నడిచేదంతా అద్భుతమే. నేనూ వెయ్యిసార్లు విన్న. కాని ఒక్కటి అడగాలె: ఆ పిల్ల నోట ఒక్క మాట ఎందుకు రాదు? ప్రేమించేది పైకులపోడు, పాడేదీ వాడే. మనం కన్నీళ్లు పెట్టుకుని విని, ధన్యులం కావాలె. అధీర్ మంచోడే, ఇంట్లోళ్లను ఎదిరిస్తడు కూడ. మంచితనం ఆయనది, పాట ఆయనది, ఏడుపు మనది. ఆ సినిమాల గాంధీ ఉంటడు, ఠాగూర్ 'చండాలిక' ఉంటది. 1956ల పోయిన అంబేద్కర్ ఊసు లేదు.

ఇక బర్మన్ తనే పాడిన పడవ పాట. త్రిపుర రాజకుటుంబంల పుట్టినోడు బెంగాల్ పడవోళ్ల భటియాలీ బాణీ తీసుకున్నడు. గౌరవంగనే పాడిండు, ఆ గొంతుల దొరతనం లేదు. అయినా రికార్డు మీద బర్మన్ పేరుంటది, పడవోళ్ల పేర్లు ఉండయి. పాట మనది, పేరు వాళ్లది. ఇది బెంగాల్ల ఒక్కదాన్నే జరిగిన పని కాదు.

కొన్నేండ్ల కింద తోటి టీచరు ఒకాయన గృహప్రవేశానికి పిలిచిండు. అందరూ పాడమంటే ఆ ఫోన్ పాటే పాడిన. చప్పట్లు కొట్టిన్రు. ఆయన నా భుజం మీద చెయ్యేసి "సారు మా తమ్ముని లాంటోడు" అని చుట్టాలకు చెప్పిండు. తర్వాత పూజగది చూపిస్తనని అందర్నీ లోపలికి తీస్కపోయిండు. నా దగ్గర ఆగి, "మీరు చర్చికి పోతరు కద సార్, ఇక్కడే కూసోండి" అన్నడు. చర్చికి పోయేది మా అమ్మ. నేను పోను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నా సర్టిఫికెట్ మీద నేను హిందువును. గడప కాడ మాత్రం క్రైస్తవుణ్ని. "నేను చర్చికి పోను సార్" అని గట్టిగనే అన్న. ఆయన నవ్విండు గాని పక్కకు జరగలేదు. చెప్పులేసుకుని, తినకుండ వచ్చేసిన.

సినిమా చివరన తల్లికి రక్తం కావాల్సొస్తది. సుజాత రక్తమే కలుస్తది. అప్పుడు గాని 'లాంటిది' పోయి కూతురు కాదు. పాటలు ఎంత గొప్పవైనా ఈ ముగింపును నేను ఒప్పుకోను. రక్తం ఇవ్వకముందే కూతురు కావాలె. రక్తం కలవకపోయినా కూతురే కావాలె.

నిరుడు ఎనిమిదో తరగతి పిల్లలకు ఫోన్ పాట వినిపించి, కథ చెప్పి, సుజాత తరఫున జవాబు రాయమన్న. ఎక్కువమంది ప్రేమ మాటలే రాసిన్రు. మా వాడ పిల్ల ఒకామె రెండే ముక్కలు రాసింది: "నువ్వు పాడింది విన్న. ఇప్పుడు నేను పాడుత, ఫోన్ పెట్టెయ్యకు."