తినే హక్కు ఉంది, పక్కన సహోదరి ఉంది

ధ్యాన భాగం: 1 కొరింథీయులకు 8వ అధ్యాయం, 10:14–33



మా పల్లె సంఘాల్లో కాపరిని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, ఇది తినొచ్చా?" జాతరలో కోసిన మేక కూర పక్కింటివారు ప్రేమతో పంపితే ఈ ప్రశ్న వస్తుంది. హలాల్ చేసిన మాంసం గురించీ వస్తుంది. ఇది చిన్న ప్రశ్న అనుకోకండి. సుమారు క్రీ.శ. 55లో అపొస్తలుడైన పౌలు ఎఫెసు నుండి కొరింథు సంఘానికి రాసినప్పుడు 8 నుండి 10వ అధ్యాయం వరకు ఈ విషయమే ఎత్తుకున్నాడు.

కొరింథులో గుళ్లలో బలి ఇచ్చిన పశువుల మాంసంలో కొంత బజారుకు వచ్చేది. జ్ఞానం గల విశ్వాసులు, "విగ్రహం వట్టిది, దేవుడు ఒక్కడే, మరి తింటే ఏమవుతుంది?" అన్నారు. ఆ జ్ఞానాన్ని పౌలు కాదనలేదు. పూజా బల్లలో పాలు పొందడం కూడదని గట్టిగా చెప్పాడు గాని, కటికి అంగడిలో అమ్మేది మాత్రం ఏమీ అడగకుండా కొనుక్కోవచ్చన్నాడు. అయితే అక్కడితో ఆగలేదు. నీ పక్కన ఎవరున్నారో చూసుకో అన్నాడు.

ఈ మాటకు అర్థం నేను హైదరాబాద్ పాతబస్తీలో, పత్తర్‌గట్టిలో కళ్లారా చూశాను. మా సంఘంలో ఒక అమ్మాయి పెండ్లికి బట్టలు తీయడానికి ఏడుగురం వెళ్లాం. రంజాన్ నెల, మిట్టమధ్యాహ్నం. మేము వెళ్లిన బట్టల కొట్టు ఆయన ఉపవాసంలో ఉన్నాడు. తాను గుక్కెడు నీళ్లు ముట్టకపోయినా, మాతో వచ్చిన పెద్దామె ఎండకు సొమ్మసిల్లేట్టుందని పిల్లవాడిని పంపి చల్లని నీళ్లు తెప్పించాడు.

బట్టలు కొన్నాక మా యువకుడొకడు బిర్యానీ పొట్లాలు తెచ్చాడు. ఆయన ఎదుట తినడం బాగుండదని పక్క సందులోకి వెళ్లి కూర్చున్నాం. పొట్లం విప్పగానే ఆ పెద్దామె చెయ్యి ఆగిపోయింది. ఆమె బాప్తిస్మం తీసుకుని అప్పటికి రెండేండ్లు. అంతకుముందు ఏటా మొక్కు చెల్లించి మేకను కోసిన మనిషి.

"బిడ్డా, గిది తినొచ్చునా? హలాల్ చేసింది గదా. ఇంకో పేరు చెప్పి కోసింది ముట్టనని మొక్కుకున్న."

"పెద్దమ్మా, గింత దానికి భయమెందుకు? పౌలే తినుమన్నడు, చూడు" అని అతను ఫోనులో బైబిలు తెరిచాడు. అతను చూపిన వచనం సరైనదే. ఆమెకు జవాబు తోచలేదు. అందరి ముందు తాను తెలివితక్కువదాన్నని సిగ్గుపడి, ముద్ద కలపబోయింది.

అప్పుడు పెండ్లికూతురి తల్లి తన పొట్లం మూసేసింది. "కట్టేయండి. ఇయ్యాల అందరం చాయ్, బిస్కెట్లే తిందాం. ఇంటికి పోయినంక దీని సంగతి చూద్దాం" అంది. ఒక్క వచనం కూడా ఎత్తలేదు. ఆ యువకుడు కాసేపు మౌనంగా ఉండి, తానే లేచి చాయ్ తెచ్చాడు.

ప్రియులారా, ఆ ముద్దలో విషం లేదు. మాంసం మనల్ని దేవునికి దగ్గర చేయదు, దూరమూ చేయదు. కాని ఆమె ఆ ముద్ద తిని ఉంటే విశ్వాసంతో తినేది కాదు, మన నోటికి భయపడి తినేది. దేవుని యెదుట తప్పు అని తాను నమ్మినదాన్ని మనుష్యుల కోసం చేసేది. ఈ రోజు సిగ్గుతో బిర్యానీ తిన్న మనస్సాక్షి, రేపు అదే సిగ్గుతో పాత మొక్కుల దగ్గరకు వెళ్లదని ఎవరు చెప్పగలరు? పౌలు భయపడింది దీనికే. అలాంటి ఒక్కరి కోసం క్రీస్తు ప్రాణం పెట్టాడు. మనం ఒక్క పూట బిర్యానీ మానలేమా?

చాయ్ తాగి పత్తర్‌గట్టి కమానుల కింద నడిచాం. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరాన్ని బాగుచేసే పనిలో కట్టిన రాతి వరుస అది. దుకాణాలను కాస్త వెనక్కి జరిపి, ముందు కమానుల కింద నడిచేవారికి నీడ దారి వదిలారు. ఆ దారిలోకి సరుకు పరిస్తే కొట్టుకు నాలుగు అడుగులు కలిసొస్తాయి గాని, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఎండలోకి, బండ్ల మధ్యకు దిగాల్సి వస్తుంది. మన స్వాతంత్ర్యం కూడా అంతే. దాన్ని చివరి అంగుళం దాకా వాడుకుంటే బలహీనులకు నడిచే చోటు మిగలదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎవరో గొణుగుతారని ప్రతిదీ మానుకోమని దేవుడు చెప్పలేదు. మన అలవాటు నచ్చక ముఖం మాడ్చుకునేవాడు వేరు, మనల్ని చూసి పడిపోయేవాడు వేరు. మొదటివాని పెత్తనానికి లొంగనక్కరలేదు. రెండవవాని కోసం సంతోషంగా తగ్గాలి. అలాగని బలహీనుణ్ణి ఎప్పటికీ బలహీనుడిగా వదిలేయకూడదు. ఇంట్లో, తీరికగా, లేఖనాలు తెరిచి నేర్పించాలి. ఆకలి వేళ, నలుగురి ముందు కాదు.

ఆ పెద్దామెతో తరువాత ఈ అధ్యాయాలు నెమ్మదిగా చదివాం. ఆమెకు అర్థమైంది. అయినా ఈనాటికీ తినదు. తినకుండా ఉండే స్వాతంత్ర్యం కూడా ఆమెకు ఉంది గదా! ఆ యువకుడు ఇప్పుడు విందుల్లో ఆమెకు వేరే కూర ఉందో లేదో ముందే కనుక్కుని వస్తాడు.

ఈ వారం మీ హక్కుల్లో ఒకదాన్ని ప్రభువు సన్నిధిలో పెట్టి, దీనివల్ల ఎవరికి దారి ఇరుకవుతోందో అడిగి చూడండి.

ప్రార్థన: తండ్రీ, నీ కుమారుడు తన మహిమను పట్టుకుని ఉండక మా కోసం తగ్గించుకున్నాడు. మాకిచ్చిన స్వాతంత్ర్యాన్ని మా పక్కనున్నవారి మేలు కోసం వాడే మనస్సు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.