మట్టి అడగని మొక్క

మా బాల్కనీలో వేలాడుతున్న ఎయిర్ ప్లాంట్ ఎర్రగా పండింది! మధ్యలోంచి సన్నటి ఊదారంగు గొట్టపు పూలు, వాటి కొసన పసుపు పుప్పొడి. అయొనాంతా రకం. సొంతూరు మెక్సికో, మధ్య అమెరికా. అనాస కుటుంబమే, ఆకుల తీరు చూస్తేనే చుట్టరికం తెలిసిపోతుంది.

"మామిడిచెట్టుకి పట్టే బదనికలాంటిదా?" అని అడిగారు అత్తయ్య. కాదు. బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఇది కొమ్మ మీద కూర్చుంటుందంతే, వేళ్లు పట్టు కోసమే. నీళ్లు తాగేది ఆకుల మీది తెల్లటి నూగు. బూజు అనుకుని తుడిచేయకండి బాబూ.

గాలి తిని బతికేస్తుందని నర్సరీవాళ్లు చెప్తే నమ్మొద్దు. మన ఎండాకాలంలో వారానికి ఒకటి రెండుసార్లు అరగంట నీళ్లలో ముంచాలి. తీశాక తలకిందులుగా ఆరబెట్టాలి, లేకపోతే నడిమ నీరు నిలిచి మొదలు కుళ్లిపోతుంది. గాజు బుడ్డిలో పెట్టి అమ్ముతారు చూడండి, నాకస్సలు నచ్చదు. గాలి ఆడొద్దూ?

రాగి తీగతో మాత్రం కట్టకండి, ముచ్చటగా ఉందని రాగి చెంబులోనూ పెట్టకండి. రాగి దీనికి విషం. నేను ఎండు చింతకొమ్మకి నైలాన్ దారంతో కట్టాను.

పూసిన మొక్క మళ్లీ పూయదు. అరటిలాగే పక్కన పిలకలేసి మెల్లగా పోతుంది. తల్లిలో మూడోవంతు ఎదిగాక పిలకని విడదీయొచ్చు. ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నవాళ్లు కాస్త ఆగండి, మొదటిది మా వదినకి ఎప్పుడో మాటిచ్చేశాను.