విహారద్వీపమున కాపురము

అండమాను దీవుల పేరు చెప్పగనే నేటి యువదంపతులకు తెల్లని యిసుకయు, పచ్చని సముద్రమును, నాలుగు దినముల విశ్రాంతియు తలపునకు వచ్చును. మన అమ్మమ్మల కాలమున ఆ పేరు చెప్పినచో వేఱొక మాట తలపునకు వచ్చెడిది. అది "ద్వీపాంతరము." ఘోరమైన నేరములు చేసినవారికిని, దొరతనముపై తిరుగబడినవారికిని విధింపబడిన శిక్ష యది. 1858లో ఇచ్చట ఖైదీల వలస ఏర్పడెను. 1896 మొదలు 1906 వఱకు సెల్యులర్ జైలు కట్టబడెను. మన్యపు తిరుగుబాటులలో పట్టుపడిన తెలుగువారును ఇచ్చటికి పంపబడిరి. నాటి శిక్షాస్థలమే నేడు విహారస్థలమైనది. ఈ యూర మేము కాపురముండబట్టి ఏడు సంవత్సరములైనది. చూడవచ్చినవారు వ్రాసిన వర్ణనలు పత్రికలలో పెక్కు గలవు. ఉండవచ్చినవారి దినచర్య యెట్టిదో తెలుపు వ్యాసములు తక్కువ. సోదరీమణులకు పనికివచ్చునని ఆ సంగతులే యిట వ్రాయుచున్నాము.

మేముండునది దక్షిణ అండమానులోని పోర్టు బ్లెయిరు. 2024 సెప్టెంబరులో ప్రభుత్వమువారు దీనికి శ్రీ విజయపురమని పేరు మార్చిరి గాని, మా ఇరుగుపొరుగువారి నోట ఇంకను పాత పేరే వినవచ్చుచున్నది. విశాఖపట్టణమునకును దీనికిని నడుమ సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము. ఓడపై రెండు మూడు దినముల పయనము. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులన్నింటిలో కలిపి 3,80,000 మంది ప్రజలు గలరు. వారిలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది. శ్రీకాకుళపు తీరమునుండి చేపలవేటకై వచ్చి జంగ్లీఘాటు ప్రాంతమున స్థిరపడిన కుటుంబములు అనేకము. కావున చేపల బజారులో బేరమాడుటకు మనకు పరభాష అవసరము లేదు. తక్కిన చోటుల హిందుస్థానీయే అందఱకును వాడుక. బెంగాలీవారు, తమిళులు, మలయాళీలు, నికోబారువారు, ఖైదీల సంతతివారు, అందఱును ఆ భాషలోనే కలిసికొందురు. పూర్వము పురుషులవలెనే స్త్రీఖైదీలను కూడ ఇచ్చటికి తెచ్చి, సత్ప్రవర్తన గల ఖైదీలతో వివాహమాడనిచ్చెడివారు. ఆ కుటుంబములలో కులమును ప్రాంతమును కలిసిపోయినవి.

ఇచ్చట గృహిణి మొదట నేర్చుకొనవలసినది ప్రొద్దు లెక్క. గడియారము విశాఖలోనిదే గాని సూర్యుడు అచ్చటికంటె సుమారు 40 నిమిషములు ముందుగా ఉదయించును. వేసవిలో అయిదు గంటలు కాకముందే తెల్లవాఱును. మార్గశిరమాసమున సాయంకాలము అయిదు గంటలకే ప్రొద్దు క్రుంకి, సంధ్యాదీపము వెలిగింపవలసి వచ్చును. అందుచే మా యింట నాలుగింటికి పొయ్యి వెలుగును. ఏడింటికి రాత్రి భోజనములు ముగియును. పిల్లలు చీకటి పడకముందే యిల్లు చేరవలెనన్న కట్టడి ఈ ప్రొద్దు లెక్కను బట్టియే ఏర్పడినది.

రెండవది నీటి లెక్క. ఏటికి సుమారు 300 సెంటీమీటర్ల వాన కురియు దేశమున నీటికి కఱవేమి యని సోదరీమణులు ఆశ్చర్యపడవచ్చును. వైశాఖము చివర మొదలైన వానలు మార్గశిరము వఱకు విడువక కురియుచునే యుండును. కాని ఇచ్చటి నేల కొండలు గుట్టలు. కురిసిన నీరు కురిసినట్లే సముద్రము పాలగును. ఊరికి ముఖ్యాధారము ధనిఖారి జలాశయము. జనవరి మొదలు ఏప్రిలు వఱకు వానలుండవు. సరిగా అప్పుడే విహారమునకు వచ్చువారు వేలకొలది దిగుదురు. అట్టి దినములలో మా వీధికి కొళాయినీరు దినము విడిచి దినము వచ్చును. ఎండలు ముదిరినచో మూడు నాలుగు దినములకొకమారు. కావున ప్రతి యింటను రేకుల కప్పు అంచున గొట్టము నమర్చి వాననీటిని పెద్ద ట్యాంకులలో నిలువచేయుదురు. బియ్యము కడిగిన నీరు అరటిపాదునకు, బట్టలు జాడించిన నీరు దొడ్డి కడుగుటకు వాడుదుము. వసతిగృహమున దిగిన యాత్రికురాలు దినమునకు మూడు స్నానములు చేయుట చూచినప్పుడు మా పొరుగు ఇల్లాండ్రు బిందెల లెక్క కట్టుకొందురు.

మూడవది ఓడ లెక్క. చేపలు, కొబ్బరికాయలు, అరటి, పోకచెక్కలు ఇచ్చటివే. పప్పులు, చింతపండు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు సముద్రము దాటి రావలసినవే. దీపము వెలుగుటకు కావలసిన విద్యుత్తు సయితము చాలవఱకు డీజిలు యంత్రములతో పుట్టించునదే. ఆ డీజిలును ఓడమీదనే వచ్చును. మన తీరమును తాకు తుపానులలో అనేకములు ఈ అండమాను సముద్రముననే అంకురించును. గాలి ముదిరినచో దీవికి దీవికి నడచు పడవలును ఆగిపోవును. అప్పుడు అంగడివాని నోట వినవచ్చు మాట ఒక్కటే: "ఓడ రాలేదమ్మా." ఆ మాట విన్న మఱుదినము మా వీధిలో ఎవరి యింట ఏమి మిగిలినదో అందఱకును తెలియును. గిద్దెడు నూనెయు, నాలుగు ఉల్లిపాయలును గోడ దాటి వచ్చును, పోవును. ఇచ్చట చేబదులు చిన్నతనము కాదు, కాపురమునకు ఆధారము.

ఉప్పుగాలికి ఇనుప సామాను తుప్పు పట్టును. వానకాలపు చెమ్మకు కొయ్యపెట్టెలోని పట్టుచీరకు బూజు పట్టును. వడియములు, అప్పడములు వానలు లేని ఆ నాలుగు నెలలలోనే పెట్టుకొనవలెను. ఆవకాయ పెట్టు దినములకు ఇచ్చట మబ్బులు క్రమ్మును గనుక మా జాడీ ఏటేట విశాఖనుండియే వచ్చుచున్నది.

సముద్రమును చూచి సంతోషించుటయే గాక, దానిని జ్ఞాపకముంచుకొనుటయు ఇచ్చటివారి నిత్యకృత్యము. 2004 డిసెంబరు 26వ తేదీని సంభవించిన భూకంపమునకు ఈ ప్రాంతపు నేల సుమారు ఒక మీటరు క్రుంగినది. ఊరి వెలుపల సిప్పీఘాటు చెంత అంతకుముందు వరి పండిన పొలములలోనికి ఉప్పునీరు చొచ్చుకొనివచ్చినది. ఆ పొలములను దున్నిన కుటుంబములకు అవి మరల పొలములు కాలేదు. బాటసారులు ఆ నీటిని చూచి సరస్సనుకొని ఛాయాచిత్రములు తీయుట మేమెఱుగుదుము.

ఇంతవఱకు చెప్పిన కష్టములన్నియు ఓర్పుతో గడచునవే. ఓర్పుతో గడవనిది దూరమొక్కటే. 2020 ఆగస్టు 10వ తేదీని చెన్నపట్టణమునుండి ఈ దీవులకు సముద్రగర్భమున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల తంతి పనిచేయ మొదలిడినది. నాటినుండి విజయనగరములోనున్న మా అత్తమామల ముఖములు ఫోనులో చూచుచు మాటలాడు భాగ్యము మాకు కలిగినది. ఆ మఱుసటి యేడుల ఒక పుష్యమాసమున మామగారికి ఉన్నట్టుండి జబ్బు చేసెను. విహారపు దినములగుటచే రెండు దినములవఱకు ఏ విమానమునను చోటు దొరకలేదు. విశాఖకు ఓడ బహు అరుదు. ఆ వారమున అసలే లేదు. ఆ రెండు దినములును ఫోను చేతబట్టుకొని ఆయన ముఖము చూచుచు కూర్చుంటిమి. పిలిచినచో పలికిరి. కాని తులసితీర్థము నోట పోయు అదృష్టము మాకు లేకపోయెను. మేము చేరునప్పటికి బావగారు కర్మ మొదలుపెట్టియుండిరి. విహారమునకు వచ్చువారితో నిండిన విమానములే ఊరివారికి బ్రతుకుతెరువు. ఆ దినమున అవే మాకు మూసిన తలుపులైనవి. ఇందు తప్పెవరిదని చెప్పగలము? దీవిలోని కాపురమునకు చెల్లింపవలసిన వెల యిదియని మాత్రము అప్పుడు తెలిసినది.

కర్మ ముగిసిన పిమ్మట ఈ కాపురము ఎత్తివేసి వచ్చుటయా, అత్తగారిని వెంటబెట్టుకొని పోవుటయా అను ప్రశ్న వచ్చెను. అత్తగారు అంతయు విని, "ద్వీపాంతరమునకు నన్నెందుకురా పంపుచున్నావు, నేనేమి నేరము చేసితిని?" అని కుమారుని అడిగిరి. ఆ మాట నవ్వుచు అన్నదో ఏడ్చుచు అన్నదో మాకు తెలియలేదు. ఒక ఘడియ ఊరకుండి, "అక్కడ నీళ్లెట్లా?" అని నన్నడిగిరి. ఆ ప్రశ్నతోనే ఆమె రాదలచుకొన్నదని గ్రహించితిమి.

ఆమె యిచ్చటికి వచ్చి రెండేండ్లు దాటినది. మా పొరుగింట ఒక బెంగాలీ వృద్ధురాలు గలదు. బాల్యమున తూర్పు బెంగాలునుండి కాందిశీకుల గుంపుతో వచ్చినది. పెండ్లియై పెక్కేండ్లు షహీద్ ద్వీపమున సేద్యము చేసి, ఇప్పుడు కొడుకునొద్ద ఉన్నది. 2018 వఱకు నీల్ ద్వీపమని పిలువబడిన ఆ దీవినుండియే మా బజారునకు కూరగాయలు విరివిగా వచ్చును. అచ్చటి పల్లెల పేర్లు సీతాపురము, రామనగరము, లక్ష్మణపురము, భరతపురము అని వినగనే అత్తగారు, "శత్రుఘ్నునికి ఊరు లేదా?" అని అడిగిరి. వారిరువురి స్నేహమునకు అదియే నాంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఈమె దొడ్డిలో వేసిన గోగుకూర ఆమెకు వెళ్లును. ఆమె వండిన అరటిపువ్వు కూర ఈమెకు వచ్చును.

ఒకనాడు ఆ వృద్ధురాలు తన పుట్టినయూరి చెఱువును చేతులతో నేలమీద గీచి చూపినది. ఇక చూడలేనిదని సైగ చేసినది. నాటినుండి అత్తగారు విజయనగరము దూరమని అనుట మానిరి. "మనకు టికెట్టు దొరకుట ఆలస్యము గాని దారి యున్నది. ఆమెకు దారియే లేదు" అని మాత్రము ఒకమారు అనిరి. మేము ఏడేండ్లలో తెలిసికొన్న దానికంటె ఆమె రెండేండ్లలో తెలిసికొన్నది హెచ్చు.

విహారమునకు రాదలచిన సోదరీమణులకు మా మనవి కొంచెము గలదు. నీటిని మీ యింటి బావినీరువలె గాక పొరుగింటి బిందెనీరువలె వాడుడు. ఒడ్డున పడియున్న చచ్చిన పగడపు ముక్కనైనను తీసికొనిపోరాదు, అది నేరము. జారవాల అడవిలో పోవు బాటయందు వారికి ఛాయాచిత్రములు తీయరాదు. వారు చూడవచ్చిన వస్తువులు కారు, ఈ నేలకు మనకంటె ముందటివారు.

కాపురమునకే రాదలచినవారు సముద్రపు రంగును గూర్చి అడుగవలదు. నీరు ఎన్ని దినములకొకమారు వచ్చునని అడుగుడు; వైద్యశాల ఎంత దూరమని అడుగుడు; స్వస్థలమునకు ఆకస్మికముగ పోవలసినచో ఎట్లని అడుగుడు. వచ్చిన వారములోనే గోడకావల ఎవరున్నారో తెలిసికొనుడు. ఓడ రాని దినమున మీకు అత్తయు, అక్కయు, చెల్లెలును వారే.