భివండిలో ఒక రాత్రి పాళీ

భివండి పేరు వినగానే మన వారి చెవులలో సాంచాల చప్పుడు మోగుతుంది. ఠాణాలో బస్సు ఎక్కి కాశేళీ వంతెన దాటేసరికి దారికి ఇరుప్రక్కలా గోదాములు మొదలవుతాయి. కాల్హేర్, పూర్ణా, రాహనాల్ - ఒకప్పుడు వరి పండిన ఊళ్ళు. ఇప్పుడు ఫోనులో నొక్కి తెప్పించుకొనే సరుకులలో ఎన్నో ఇక్కడి రేకుల కప్పుల క్రింద నుంచే బయలుదేరుతున్నాయి. అంజూర్ ఫాటా దాటితే అసలు ఊరు. గల్లీలోనికి తిరగగానే నేల కాళ్ళ క్రింద సన్నగా అదురుతూ ఉంటుంది. కొత్తవారికి తలనొప్పి, ఊరివారికి ఆ అదురు ఆగిన నాడే దిగులు. సాంచా ఆగితే ఆ పూట కూలి ఆగినట్లే కదా!

మన వారు ఇక్కడికి ఎట్లా వచ్చారో పాఠకులలో చాలామందికి ఇంటి కథే. కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు జిల్లాలలో చేతిమగ్గం అన్నం పెట్టలేని రోజులు వచ్చినవి. పద్మశాలీ కుటుంబాలు మూటాముల్లే సర్దుకొని షోలాపూరు, బొంబాయి, భివండి, సూరతుల దారి పట్టినవి. భివండిలో పద్మనగర్, కామత్‌ఘర్ వైపు వెళ్ళితే నేటికీ దుకాణాల బోర్డులపై తెలుగు కనిపిస్తుంది. బతుకమ్మ పండుగకు గునుగు పూల కోసం వెదుకులాట వినిపిస్తుంది. మా చెల్లెలి కాపురం ఆ ప్రక్కనే. బావ నాలుగు సాంచాలు నడుపుతాడు. చెల్లెలు మరొక కార్ఖానాలో కండెలు పట్టే యంత్రం దగ్గర పనిచేస్తుంది. పెట్టెకు ఇంత అని కూలి.

ఈ మధ్య ఒక శనివారం సాయంకాలం మేము అక్కడికి వెళ్ళవలసి వచ్చినది. చదువు మెట్రిక్‌తో ఆగినా ఆఫీసులో ఇరవై యేళ్ళుగా మరాఠీ, ఇంగ్లీషు కాగితాలు తిరగవేస్తున్న గుమాస్తాలము గనుక, చుట్టాలలో ఎవరికి ఏ కాగితం వచ్చినా మాకే కబురు. ఈసారి వచ్చిన కాగితం మా మేనకోడలిది. ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నది. ముంబయిలో ఒక కళాశాల విద్యార్థులు హాకథాన్ అనే పోటీ జరుపుతున్నారట. ఇరవై నాలుగు గంటలు అక్కడే ఉండాలి. అంటే ఒక రాత్రి ఇల్లు విడిచి ఉండాలి.

“ఆడివిల్ల రాత్రంత బయటుంటె నలుగురు ఏమంటరు బావా?” అన్నాడు బావ. చెల్లెలు మాట్లాడలేదు. మేనకోడలు కాగితం మా చేతికిచ్చి, “మామా, మీరు చదివి చెప్పండి. నేను చెప్తే నమ్మరు,” అన్నది.

చదివాము. ముందు ఆ మాటే చెప్పవలసి వచ్చినది. హాక్ అంటే దొంగతనంగా కంప్యూటర్లలో చొరబడుట అని పేపర్లలో చూస్తాము. ఇక్కడ ఆ అర్థం కాదు. చిక్కుముడిని ఏదో ఒక ఉపాయంతో విప్పుట అన్నది దీని అర్థం. దానికి మారథాన్ పరుగును జోడించారు. 1999లో కెనడాలోని కాల్గరీ నగరంలో కొందరు ప్రోగ్రాములు వ్రాసేవారు ఒకచోట చేరి ఏకబిగిని పనిచేసినప్పుడు ఈ పేరు వాడుకకు వచ్చినది. మన దేశంలో 2017 నుంచి ప్రభుత్వమే స్మార్ట్ ఇండియా హాకథాన్ జరుపుతున్నది. అందులో జట్టుకు ఆరుగురు. వారిలో కనీసం ఒక ఆడపిల్ల ఉండితీరాలని నియమం.

“మరి మొన్న ఆ జట్టులో నువ్వు ఉంటివి గదా?” అన్నాడు బావ.

అప్పుడు బయటపడ్డది అసలు సంగతి. ఆ నియమం మంచిదే. అది లేకపోతే తనను పిలిచేవారే కాదేమో అని మేనకోడలే అన్నది. కాని పిలిచినవారికి కావలసినది ఆమె పేరు మాత్రమే. ప్రోగ్రాము మగపిల్లలు వ్రాశారు. ఆమెకు బొమ్మల పలకలు తయారు చేసే పని, ఫారములు నింపే పని అప్పగించారు. “ఆరో పేరుగా ఉన్నాను మామా, ఆరో మనిషిగా కాదు,” అన్నది. మాకు మా ఆఫీసు జ్ఞాపకం వచ్చినది. ఎన్ని కాగితాల మీద మా సంతకం ఉన్నది! వాటిలో మమ్ము అడిగి వ్రాసినవి ఎన్ని?

ఇక రెండవ చిక్కు. కాగితంలో స్త్రీలకే కాక, నాన్-బైనరీ విద్యార్థులకు కూడా స్వాగతం అని ఉన్నది. బావ అర్థమడిగాడు. మాకు తెలిసినంతలో చెప్పాము: ఆడ, మగ అనే రెండు గడులలో దేనిలోనూ తాము ఇమడమని భావించేవారు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, మనిషి తన లింగమేదో తానే చెప్పుకొనే హక్కును గుర్తించినది. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 2015లో మొదలైన టెక్నికా అనే హాకథాన్ ఇట్టి వారికీ, స్త్రీలకూ కలిపి తలుపు తీసినది. అక్కడ మగపిల్లలపై పగ ఏమీ లేదు. ఎప్పుడూ వెనుక కూర్చునేవారికి ఒకరోజు ముందు వరుస ఇవ్వడమే దాని ఉద్దేశం.

మేనకోడలి జట్టులో నలుగురు. అందులో ఒకరు ఇట్టివారే. మాటల మధ్యలోనే వారు గుమ్మంలో ప్రత్యక్షమైనారు. ఏమని పిలవాలో తెలియక మేము తడబడ్డాము. చెల్లెలు మాత్రం పళ్ళెంలో సర్వపిండి పెట్టి, “తిను బిడ్డా,” అన్నది. మన వైపు బిడ్డ అంటే కూతురే; కాని పిలిచేటప్పుడు కొడుకునూ బిడ్డా అనే పిలుస్తాము. ఇంకొంచెం మర్యాదకు ‘వారు’ ఉండనే ఉన్నది. అందులో ఆడా మగా భేదం లేదు. ఆఫీసు కాగితాలలో మేము వెదకే మాట మా చెల్లెలి వంటింట్లో దొరికినది.

ఇంతకూ ఈ నలుగురు చేయదలచినది ఏమిటి? కండెల లెక్క. చెల్లెలు రోజూ ఎన్ని పెట్టెలు నింపినదో గోడ మీద బొగ్గుతో గీస్తుంది. మెహతా తన పుస్తకంలో వ్రాసుకొంటాడు. వారాంతానికి రెండూ కలవవు. గోడకు సాక్ష్యం లేదు, పుస్తకానికి ఉన్నది. అందుకని, పెట్టె నిండగానే ఫోనుతో తెలుగులో ఒక మాట చెప్పితే చాలు, రోజూ తేదీతో లెక్క నిలిచే ఏర్పాటు చేయాలని వీరి ఆలోచన. చదువు రాకపోయినా పనికివస్తుంది.

ఇది విన్నప్పుడు మాకు ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు జ్ఞప్తికి వచ్చారు. పోచంపల్లి తీరు చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేల మార్లు అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మమ్మ గారి భుజం నొప్పి చూడలేక, ఆరవ తరగతితో చదువు ఆగిన ఆయన యేళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం నిలబెట్టారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చినది. సాలె ఇంటికి యంత్రవిద్య కొత్త కాదు. ఫ్రాన్సులో 1804 నాటి జకార్డు మగ్గం చిల్లుల అట్టలతో పూవులు నేసినది. ఆ అట్టల పద్ధతినే బాబేజీ తాను తలపెట్టిన గణనయంత్రానికి తీసుకొన్నాడు. దానికి 1843లో వివరణ వ్రాసిన అడా లవ్‌లేస్ స్త్రీ. 1946లో అమెరికాలో లోకానికి చూపిన ఎనియాక్ అనే కంప్యూటరును నడిపే పద్ధతులు కట్టినవారు ఆరుగురు స్త్రీలు. మొదట వారి పనే. తరువాత వారే అతిథులైనారు.

బావ ఇదంతా విని, “అన్నీ నిజమే. రాత్రి సంగతి చెప్పు,” అన్నాడు.

అప్పుడు చెల్లెలు నోరు విప్పినది. “నేను పొద్దుందాక కండెలు పట్టి, ఇంటికొచ్చి నడిజాము దాక పని చేస్తున్న. రాత్రి సంగతి నన్నెవ్వరు అడుగలే. పిల్ల చదువుకోను పోతనంటె అందరికి రాత్రి యాదికొచ్చె?”

ఎవరమూ మాట్లాడలేదు. కాసేపటికి బావ, “నేనూ వస్త,” అన్నాడు.

వచ్చే శనివారం అందరమూ వెళ్ళాము. తలుపు దగ్గర ప్రతి ఒక్కరి ఇంటి ఫోను నంబరు వ్రాసుకొన్నారు. నిద్రకు వేరు గది, ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో గోడమీద కాగితం ఉన్నవి. తల్లిదండ్రులకు క్రింది అంతస్తులో కుర్చీలు వేశారు. రాత్రి పాళీ అలవాటైన బావకు నిద్ర రాలేదు. మాకు కుర్చీలోనే వచ్చినది.

మూడు గంటల వేళ బావ మమ్ము తట్టి లేపాడు. మేనకోడలు క్రిందికి వచ్చి నిలబడి ఉన్నది. ముఖం వాడిపోయి ఉన్నది. యంత్రం పుస్తకాల తెలుగునే పట్టుకొంటున్నదట. ‘ఇరవై’ అంటే తెలుస్తుంది. అమ్మ అనే ‘ఇర్వై’ తెలియడం లేదు. ‘పదహారు’ తెలుస్తుంది, ‘పదారు’ తెలియదు. తప్పు ఎక్కడున్నదో గంటసేపు వెదకితే ఇదీ తేలినది.

బావ పైకి వెళ్ళి ఆ తెర ముందు నిలబడి చూచాడు. “పోగు తెగితె యాడ తెగిందో ఎతుకుడే గదా ఇది,” అన్నాడు. పిమ్మట జేబులోనుంచి ఫోను తీసి ఇంటికి కలిపాడు. చెల్లెలు మేలుకొనే ఉన్నది. ఒకటి నుంచి వంద వరకు లెక్క చెప్పమన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఆ నడిరాత్రి, నిద్రలేని ఆ గదిలో నలుగురు పిల్లలు వంగి వింటుండగా, మా చెల్లెలు తన గొంతుతో వంద వరకు చెప్పినది. మూడు సార్లు చెప్పించారు. తెల్లవారేసరికి యంత్రానికి ఆ గొంతు కొంత పట్టుబడ్డది.

బహుమతి రాలేదు. పరీక్షకులలో ఒకామె, “ఫోనుకూ మెహతా పుస్తకానికీ తేడా వస్తే ఏది నిజం?” అని అడిగినది. పిల్లల దగ్గర జవాబు లేదు. బస్సులో వస్తూ అదే తర్కించుకొన్నారు. పాళీ చివర లెక్కను ఫోను పైకి చదవాలి, ఇద్దరూ అక్కడే వినాలి, తేడా ఉంటే అప్పుడే తేల్చుకోవాలి - అని మార్చుకొన్నారు. మొదటి వారం రెండు పెట్టెల తేడా వచ్చినదట. మెహతా పుస్తకం తిరగవేసి, మాట్లాడకుండా రెండు పెట్టెలు చేర్చాడట. ఆ కార్ఖానాలో కండెలు పట్టే మరో ఇద్దరు ఆడవారు తమ గొంతు కూడా ఎక్కించమని అడిగారట.

మొన్న మరల వెళ్ళినప్పుడు చెల్లెలి ఇంటి గోడ చూచాము. బొగ్గు గీతలు ఇంకా ఉన్నవి. “చెరపలేదేమమ్మా?” అని అడిగితే, “ఫోను ఛార్జి అయిపోతె అన్నా!” అన్నది. ఆ మాటా నిజమే. బావ మాత్రం క్యాలెండరులో ఒక తేదీ చుట్టూ సున్న చుట్టి ఉంచాడు. ఇంకొక హాకథాన్ అట. ఆ రాత్రి తన సాంచాలకు బదలీ మనిషిని ఇప్పుడే చెప్పి పెట్టుకొన్నాడు.