నీళ్లలో ఉన్నోళ్ల దాహం

తేక్కడి దాకా అంతా కొండలే. ఏడో రోజు ఫజర్ చదువుకుని, ఉప్మా తిని బస్సెక్కితే కుమిళి నుంచి కొట్టాయం వైపు దిగుడు మొదలైంది. ఏలకుల తోటలు, తేయాకు, తర్వాత రబ్బరు చెట్లు, ఆ తర్వాత కొబ్బరి. కొట్టాయం దాటి కుమరకం రోడ్డెక్కాక మలుపులు ఆగిపోయాయి. అటు నీళ్లు, ఇటు నీళ్లు, మధ్యలో మా బస్సు. తొమ్మిది రోజుల టూరులో ఇక మిగిలింది మూడు రోజులు.

బస్సులో ముప్పై నాలుగు మందిమి. అందరం అనంతపురం, కదిరి, హిందూపురం వైపు వాళ్లమే. ముసల్మానులం మాత్రం అమ్మీ, నేనూ. అమ్మీకి అరవై తొమ్మిదేళ్లు. "రిటైరయ్యాక మీ అమ్మీకి కేరళ చూపిస్తా" అని అబ్బా ఎప్పుడూ అనేవారు. రిటైరయ్యారు గానీ, ఆయన సఫర్ వేరే వైపు అయిపోయింది. ఇద్దత్ ముగిసి ఏడాది దాటాక నేనే టికెట్లు తీశాను. "అబ్ ఘూమ్నా కైకు రే, నక్కో" అంది మొదట. రెండో రోజుకల్లా పక్కసీట్లోని రిటైర్డ్ టీచరమ్మతో వదినా మరదళ్ల వరస కలిపేసింది. ఏడో రోజుకు నాకు కిటికీ సీటు కూడా మిగల్లేదు.

కుమరకం దగ్గర గైడు ఒక గట్టు పక్కన బస్సు ఆపించాడు. కొట్టాయం కుర్రాడు, హిందీలో తమిళం కలిపి మాట్లాడతాడు. గట్టుకు ఒక పక్క కాలువ, నీళ్లు దాదాపు మా పాదాల ఎత్తులో ఉన్నాయి. ఇంకో పక్క వరిపొలం, అది ఎక్కడో కింద ఉంది. కుట్టనాడులో పొలాలు సముద్రమట్టానికి రెండు మీటర్ల దాకా దిగువన ఉంటాయి. సరస్సులోని బురద తవ్వి, గట్లు పోసి, లోపలి నీళ్లు తోడేసి, సరస్సు అడుగునే పొలంగా మార్చుకున్నారు. ఒకప్పుడు మనుషులే వరసగా కూర్చుని కాళ్లతో చక్రాలు తొక్కి నీళ్లు తోడేవాళ్లు. తర్వాత 'పెట్టియుం పరయుం' అనే చెక్కపెట్టె పంపు వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ఈ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది.

అమ్మీ గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసింది. "హమే ఖేత్‌మే పానీ ఛోడ్తే. ఇనో ఖేత్‌మేసే పానీ నికాల్తే! వాహ్ రే మౌలా" అంది. మనం పొలానికి నీళ్లు కడతాం, వీళ్లు పొలంలోంచి నీళ్లు వెళ్లగొడతారు. టీచరమ్మ నవ్వింది గానీ అమ్మీ నవ్వలేదు. కాసేపాగి, "అల్లా ఇన్ లోగాఁకు ఇత్తా పానీ దియా, హమ్నాకు కైకు నై దియా?" అని అడిగింది. ఇరవై ఏళ్లుగా కరువు వార్తలు రాస్తున్నా, ఆ సవాలుకు నా దగ్గర జవాబు లేదు. అనంతపురంలో ఏడాదంతా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. కేరళలో సగటున 3,000 దాకా ఉంటుంది. లెక్క చెప్పగలను. 'కైకు' అంటే ఏం చెప్పాలి?

ఆ సాయంత్రం అసర్ కి వజూ చేయాలని అమ్మీ వేంబనాడు సరస్సు మెట్లు దిగింది. మేం ముసాఫిర్లం కాబట్టి ఖసర్, నాలుగు రకాత్లకు రెండే. కానీ వజూకి ఖసర్ లేదు. దోసిట్లో నీళ్లు తీసుకుని మొదట వాసన చూసింది. రంగు, రుచి, వాసన మారని నీళ్లయితే పాక్ అని ఆమెకు చిన్నప్పుడు వాళ్ల దాదీ నేర్పిన పాఠం. హౌస్‌బోట్లు ఆగే చోటు అది. నీళ్ల మీద నూనె తెట్టు రంగురంగులుగా తేలుతోంది. "డీజిల్ నజిస్ తో నై, లేకిన్ దిల్ నై మాన్‌రా" అని నీళ్లు వదిలేసి, గదికి వచ్చి ఒక్క లోటా నీళ్లతో వజూ పూర్తి చేసింది. కొళాయి విప్పితే ధార కడుతోంది. అయినా ఆమెకు లోటానే లెక్క. పారే నది ఒడ్డున కూర్చున్నా వజూలో నీళ్లు ఇస్రాఫ్ చేయొద్దని మద్రసాలో మేమూ విన్నాం. అమ్మీకి అది పాఠంగా కాదు, కరువుగా వచ్చింది.

రాత్రి అరిటాకులో కాల్చిన కరిమీన్ పెట్టారు. చేపకు జబహ్ బాధ లేదు కనుక టూరు మొత్తంలో అమ్మీ నిశ్చింతగా తిన్న మాంసాహారం అదొక్కటే. ఆ చేప కూడా తగ్గిపోతోందన్నాడు గైడు. సముద్రం నుంచి ఉప్పునీరు ఎగదన్ని వరిని చంపకుండా 1970లలో తన్నీర్ముక్కం దగ్గర సరస్సుకు అడ్డంగా బ్యారేజీ కట్టారు. ఎండాకాలం పంట కోసం దాని తలుపులు మూసేస్తారు. వరి బతికింది. కానీ ఆటుపోట్లకు కడుక్కుపోవాల్సిన మురికి, ఎరువులు, పురుగుమందులు లోపలే నిలిచిపోతాయి. గుర్రపుడెక్క పెరిగింది. ఉప్పూ తీపీ కలిసిన నీళ్లలో బతికే ఆల్చిప్పలకు, చేపలకు గడ్డుకాలం వచ్చింది. తలుపులు తెరవాలని జాలర్లు, మూయాలని రైతులు. ఇద్దరిదీ రిజ్క్ గొడవే. ఎవరిని తప్పంటాం?

ఎనిమిదో రోజు అలప్పుళ. పడవను 'కెట్టువళ్ళం' అంటారు. కెట్టు అంటే మన కట్టే. మేకు లేకుండా చెక్కల్ని కొబ్బరి తాళ్లతో కట్టి చేసిన పడవ. ఒకప్పుడు ధాన్యం మోసేవి, ఇప్పుడు మాలాంటి వాళ్లని మోస్తున్నాయి. బస్సు జనమంతా పైన అంత్యాక్షరి ఆడుతుంటే అమ్మీ ముందు భాగంలో తస్బీ తిప్పుతూ కూర్చుంది.

మధ్యాహ్నం టీ కోసం ఒక గట్టు దగ్గర ఆపారు. అక్కడొక వీధి కొళాయి, దాని కింద ప్లాస్టిక్ బిందెలు, పక్కనే చిన్న పడవ. తలకు తట్టం కట్టుకున్న యాభై ఏళ్ల ఆవిడ సన్నటి ధార కింద బిందె పట్టి కూర్చుని ఉంది. అమ్మీ సలాం చెప్పింది. ఆవిడ ముఖం విప్పారింది, వాలేకుం సలాం అంది. అంతే, ఆ తర్వాత ఇద్దరికీ భాష లేదు. అమ్మీకి మలయాళం రాదు, ఆవిడకు ఉర్దూ ముక్క రాదు. అమ్మీ ఆశ్చర్యపోయింది. ముసల్మాన్ అయ్యుండి ఉర్దూ రాకపోవడం ఆమె చూడటం అదే మొదలు. నేను తెలుగులో డిగ్రీ చేస్తానన్నప్పుడు "అప్నీ జబాన్ ఛోడ్కే?" అన్న చుట్టాలు మాకూ ఉన్నారు. ఆ సరస్సు ఒడ్డున వైకం దగ్గరే 1908లో పుట్టిన బషీర్ ముసల్మానుల ఇళ్లలోని మాటల్ని మలయాళ సాహిత్యంలోకి తెచ్చాడని ఆ రాత్రి అమ్మీకి చెప్పాను. "అచ్ఛా" అంది, ఇంకేం అనలేదు.

అమ్మీ బిందె చూపించి "పానీ?" అంది. ఆవిడ "కుడివెళ్ళం" అంది. మనం వరదను వెల్లువ అంటాం, వాళ్లకు నీళ్లంటేనే వెళ్ళం. తాగేనీళ్లు కుడివెళ్ళం. గైడు కలిపి చెప్పాడు. ఆవిడ ఇల్లు కాలువకు అవతల. ఇంటి చుట్టూ నీళ్లే, ఒక్క గ్లాసు తాగడానికి పనికిరావు. పడవేసుకుని వచ్చి పట్టుకెళ్లాలి, కొళాయి ఎప్పుడొస్తుందో తెలీదు. "వానాకాలం నీళ్లు ఇంట్లోకే వస్తాయి, తాగేనీళ్లే రావు" అందట. 2018 ఆగస్టు వరదలో మెడలోతు నీళ్లలోంచి తీసుకెళ్లి క్యాంపులో పెట్టారట. అక్కడా మంచినీళ్ల కోసం క్యూలోనే నిలబడిందట.

అమ్మీ మాట్లాడకుండా లేచి, నిండిన బిందెకు ఒక పక్క చేయి వేసింది. ఆవిడ వద్దు వద్దంటూనే ఇంకో పక్క పట్టుకుంది. ఇద్దరూ దాన్ని పడవలోకి దించారు. ఒక్క చుక్క ఒలకలేదు.

మా పడవ కదిలాక అమ్మీ నీళ్లవైపు చూస్తూ చెప్పింది. "తేరే బాద్, తేరీ బహన్ కే పైలే, ఏక్ థా." నీ తర్వాత, నీ చెల్లికి ముందు, ఒకడుండేవాడు. ఐదో నెల. ఊరి బోర్లు ఎండిపోతే పొలం బావికి వెళ్లేవాళ్లట. మెట్ల మీద కాలు జారింది. బిందె వదలలేదట. "బిందె వదిలుంటే చేత్తో గోడ పట్టుకునేదాన్నేమో" అంది. నలభై ఏళ్ల నాటి మాట. నాకు ఒక తమ్ముడో, ఎవరో ఉండాల్సిందని ఆ పడవలోనే తెలిసింది. అబ్బాకు తప్ప ఎవరికీ చెప్పలేదంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. పైన అంత్యాక్షరిలో 'న' అక్షరం మీద గొడవ జరుగుతోంది.

ఇప్పుడు మా ఊళ్లో నల్లా ఉంది. 1990ల మధ్యలో సత్యసాయి మంచినీటి పథకం పైపులు జిల్లాలో వందల ఊళ్లకు వచ్చాయి. ఆ లోపు మా తరం పళ్ల మీద ఫ్లోరైడ్ మరకలు పడనే పడ్డాయి. మాకు నేలలో విషం, వాళ్లకు కాలువలో విషం. నీళ్లు తక్కువైన చోటా, ఎక్కువైన చోటా బిందె మోసేది ఆడవాళ్లే. ఇది పేపర్లో రాస్తే ఒక వాక్యం. అమ్మీ దాన్ని ఒక బిందెకు చేయి వేసి తెలుసుకుంది.

ఆఖరి రోజు కొచ్చి. మూడు రోజులుగా మేం చూసిన నీళ్లు అక్కడే అరేబియా సముద్రంలో కలుస్తాయి. చీనా వలలు చూశాం, మసాలాలు కొన్నాం. బస్సులో టీచరమ్మ లేచి డ్రైవరుకు, వంటమనిషికి, గైడుకు తలా ఇంత వసూలు చేసింది. ఫోన్ నంబర్లు రాసుకున్నారు. రంజాన్‌కి రమ్మని అమ్మీ, ఉగాదికి రమ్మని టీచరమ్మ. ఎర్నాకుళం దాటాక అందరూ నిద్రపోయారు.

ఇంటికొచ్చి రెండు నెలలైంది. అమ్మీ దువా ఎప్పుడూ పొడవే, అబ్బా మగ్ఫిరత్ నుంచి మనవరాళ్ల పరీక్షల దాకా. మొన్న ఇషా తర్వాత పక్కనే కూర్చుంటే ఒక కొత్త మాట వినబడింది. "యా అల్లా, పానీమే రహ్‌కే ప్యాసే హైఁ సో లోగాఁకు పానీ దే." నీళ్లలో ఉండి దాహంతో ఉన్నవాళ్లకు నీళ్లివ్వు. దాని తర్వాత, పేరు లేని ఒకడి కోసం ఇంకో మాట ఉంది. అది నేను ఇక్కడ రాయను. నేనూ ఆమీన్ అన్నాను.