మబ్బులో బీరువా

ఇంట్లో ఫలానా కాయితం ఎక్కడుందని మగవాళ్ళని అడిగి చూడండి. "ఏమో, దాన్నడుగు" అంటారు. బీరువా కింది అరలో, పట్టుచీరల అడుగున, ప్లాస్టిక్ కవర్లో ఉందని తెలిసేది మనకే. రేషన్ కార్డు, పొలం పాస్‌బుక్, పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లు, ఎల్‌ఐసీ బాండు, అన్నిటికీ కాపలా మనమే. అందుకని ఈ వేసవిలో మా మొవ్వ ఇంటి వసారాలో నలుగురికి గూగుల్ డ్రైవ్ నేర్పించాను. మా తోటికోడలు, పక్కింటి వదినగారు, కూచిపూడి నుంచి వచ్చే పిన్ని, మా అత్తయ్యగారు.

మొదటిరోజే క్లౌడ్ అంటే మబ్బు అని చెప్పగానే అత్తయ్యగారు ఫోను పక్కన పెట్టేశారు. "మబ్బులో దాచటమేమిటమ్మాయ్? మా ఊరిని ముంచింది ఆ మబ్బేగా!"

ఆవిడ పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడేనాటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు. ఆ రాత్రి వాళ్ళమ్మ పోయింది. ఇంట్లో పెట్టెలు, పొలం కాయితాలు, గోడమీది ఫొటోలు ఏవీ మిగల్లేదు.

నేనిక మబ్బు మాట ఎత్తలేదు. మినుముల లెక్కన చెప్పాను. గోడౌన్లో బస్తాలు వేసి రసీదు తెచ్చుకుంటాం కదా. రసీదు తడిసినా బస్తాలు ఎక్కడికీ పోవు. ఫోను ఆ రసీదులాంటిది. సరుకు ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లలో ఉంటుంది, అదీ ఒకచోట కాదు, నకళ్ళు తీసి వేరే చోట్ల కూడా పెడతారు. ఫోను కాలవలో పడినా కొత్త ఫోన్లో అదే మెయిలు, పాస్‌వర్డు కొడితే అన్నీ వస్తాయి. పిన్ని వెంటనే పాస్‌వర్డు గోడ క్యాలెండరు మీద రాసేసింది! చింపించాను.

డ్రైవ్‌లో ప్లస్ గుర్తు నొక్కి, స్కాన్ నొక్కి, కాయితం ఫొటో తీయటం ఒక పూటలో వచ్చేసింది. చిక్కల్లా పేరు దగ్గరే. పేరు పెట్టకపోతే అది తేదీ వేసుకుని కూర్చుంటుంది, రేపు వెతుక్కోలేం. మైకు నొక్కి తెలుగులో చెప్పండన్నాను. వదినగారు పెట్టిన పేరు "నల్లపెట్టెలోది". సరే, ఆవిడకి అర్థమైతే చాలు.

ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మెయిలు, డ్రైవు, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ బ్యాకప్పు కూడా అందులోకే. గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలకి మన బీరువాలో అరలెందుకు? రోజూ తీసెయ్యండి. కానీ గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోని అదే యాప్‌లో డిలీట్ చేస్తే రెండుచోట్లా పోతుంది. 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. డ్రైవ్‌లో అయితే 30 రోజులే.

డిజీలాకర్ దగ్గర అసలు సంగతి బయటపడింది. 2015లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన యాప్ అది. అందులోకి ప్రభుత్వ శాఖ నేరుగా ఇచ్చిన కాయితం చట్టప్రకారం అసలుతో సమానం, మనం ఫొటో తీసి ఎక్కించింది కాదు. తెరవాలంటే ఆధార్‌కి కలిపిన నంబరుకి ఓటీపీ రావాలి. నలుగురిలో ముగ్గురి నంబరు వాళ్ళాయనదో, హైదరాబాదులో కొడుకుదో. కాయితాలు మనవి, తాళం ఇంకొకరి జేబులో! ముగ్గురినీ ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి సొంత నంబర్లు ఇప్పించాను. వాళ్ళాయన అలిగాడని తోటికోడలు నవ్వుతూ చెప్పింది.

అత్తయ్యగారు మాత్రం ఏ కాయితమూ తేలేదు. నాలుగోరోజు బందరు మేనమామగారింటి నుంచి పాత పెళ్ళి గ్రూపు ఫొటో తెప్పించారు. మూల చెదలు కొట్టింది. వెనక వరసలో, చివర, తల కొంచెం వంచుకుని ఒకామె. వాళ్ళమ్మ. మాకెవరికీ ఆ ఫొటో ఉన్నట్టే తెలీదు.

"ఇందులో పెడితే తడవదుగా?" అన్నారు.

"తడవదు అత్తయ్యగారూ."

తనే స్కాన్ చేశారు, మూడుసార్లు, చెయ్యి కుదురుగా నిలిచేదాకా. పేరు "అమ్మ" అని పెట్టారు. తమ్ముడికి పంపుతానంటే షేర్ ఎలాగో చూపించాను. చూసే హక్కు ఇవ్వాలా, మార్చే హక్కు ఇవ్వాలా అని అడుగుతోంది ఫోను.

"చూడనీ చాలు. వాడిది చిన్నప్పటినుంచీ తొందర చెయ్యి."