మూడు పాయలు

మా విరూర్ నుంచి దక్షిణానికి రైలెక్కితే, మాకుడి వచ్చేసరికి తెలంగాణ. మా ఇంట్లో ఆ సరిహద్దు అద్దం ముందే ఉంది: అత్తమ్మకు అది కొప్పు, నా బిడ్డకు 'అంబాడా'.

పండగలకు బిడ్డ తల నేనే దువ్వుతాను. కొంచెం నూనె రాసి, చిక్కు తీసి, జుట్టంతా వెనక ఎత్తుగా కట్టి, మూడు పాయల జడ అల్లుతాను. కొసకు రబ్బరు వేశాక అంచులు మెల్లగా లాగితే పలచని జడ కూడా నిండుగా అవుతుంది. దాన్ని మొదలు చుట్టూ తిప్పి, కొస లోపలికి దోపి, పిన్నులు పెట్టాలి. రెండు జడలల్లి ఎదురెదురుగా చుడితే ఇంకో తీరు; మెడ మీదికి దించి చుడితే మరొకటి.

మొన్న అత్తమ్మ చేతులు వణికి కొప్పు నిలవలేదు. బిడ్డ దువ్వెన అందుకుంది.

"పాయ వదులైంది బిడ్డా, గట్టిగ పట్టు."

"పాయ అంటే?"

నా మనసు చివుక్కుమంది. మరాఠీ బడిని ఏమని లాభం? అల్లిక చూపించిన నేనే మాట చెప్పలేదు. ఆ రోజు నుంచి అల్లుతూ చెబుతున్నాను: పాపట, పాయ, కొస, సవరం.

సవరాన్ని ఇంకా 'గంగావన్' అనే అంటుంది. కాని నిన్న కొప్పు చుట్టి, తనే అడిగింది:

"కొస దోపనా, నానమ్మా?"